లెక్క తప్పిన మనిషీ, తిట్లు తినే చేపా

డబ్బిచ్చి మరీ భయపడే ప్రాణి సృష్టిలో మనిషి ఒక్కడే. ఇంట్లో బల్లి మీద పడితే కెవ్వుమనే మనం, టిక్కెట్టు కొనుక్కుని, ఒళ్ళో పొట్లం పెట్టుకుని, చీకట్లో కూచుని, తెరమీద ఎవర్నో ఏదో మింగుతూంటే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని హాయిగా భయపడతాం. అందులో తప్పేం లేదు. నేనూ ఆ బాపతు దాన్నే. నా నవలల్లో తుఫాను రాత్రి కరెంటు పోయి, ఎవరో వీధి తలుపు తట్టే అధ్యాయాలు లేకపోలేదు. కాబట్టి భయాన్ని అమ్ముకునే వాళ్ళమీద నాకు వృత్తిరీత్యా కోపం లేదు. నా తగువల్లా నడిసముద్రంలో భయాన్ని అమ్మే సినిమాలతోనే.

భయపెడుతున్నందుకు కాదు నా తగువు. భయపడవలసిన దాన్ని దాచేసి, ఇంకోదాన్ని చూపించి భయపెడుతున్నందుకు. ఇంట్లో దొంగ పెరటిదారిన నింపాదిగా నడిచి వెళ్ళిపోతూంటే, వీధిలో పడుకున్న కుక్కని చూపించి "అదిగో, అదే!" అని కేకలు పెట్టినట్టుంటుంది వాటి వ్యవహారం. నాకు ఈత రాదు. సముద్రాన్ని విశాఖపట్నం రామకృష్ణా బీచిలో గట్టుమీద కూచుని చూడ్డమే నా అనుభవం. అందుకే ఈ విషయంలో నా మాట నమ్మమని అడగడం లేదు. రోజూ దాని అడుగుదాకా దిగి పైకి వచ్చేవాళ్ళున్నారు. ఈ సినిమాలు చూసి వాళ్ళేమంటారో వినండి.

మా ఆడపడుచు కూతురు బెంగుళూరులో వుద్యోగం చేస్తోంది. నాలుగేళ్ళ కిందట అండమాన్ వెళ్ళి, ఒకప్పుడు హేవ్‌లాక్ అనీ, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అనీ పిలిచే దీవిలో, వీపుకి గాలిబండ తగిలించుకుని సముద్రంలో దిగడం నేర్చుకుని వచ్చింది. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, పిల్ల నీళ్ళలో వుంటుంది. వాళ్ళమ్మ దేవుడిగదిలో వుంటుంది. కిందటి పండక్కి మా ఇంటికి వచ్చినప్పుడు, మగపిల్లలంతా చేరి 'ఓపెన్ వాటర్' అనే అమెరికన్ సినిమా పెట్టారు. 2003లో తయారై ఆ మరుసటి ఏడు విడుదలైన సినిమా అది. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. సెలవులకి వెళ్ళిన ఒక జంట, మరికొంతమందితో కలిసి పడవలో నడిసముద్రానికి వెళ్ళి నీళ్ళలోకి దిగుతారు. పైకొచ్చేసరికి పడవ లేదు. చుట్టూ నీళ్ళు, కింద సొరచేపలు.

హాలు హాలంతా ఊపిరి బిగబట్టి సొరచేప రెక్క ఎప్పుడు పైకి తేలుతుందా అని చూస్తున్నాం. ఆ పిల్ల మాత్రం అంతకు చాలా ముందే, రెక్కా లేదు రక్తమూ లేదు, ఊరికే ఒక మనిషి పడవలో నుంచుని కాగితం మీద గీతలు గీస్తూంటే, "అయ్యో, పేర్లు పిలవరా బాబూ!" అని అరిచింది. మేమంతా వెనక్కి తిరిగి చూశాం.

జరిగిందేమిటంటే, పడవలో ఒకాయన తన మాస్కు మరిచిపోయి వస్తాడు. దాంతో అతను అందరితోపాటు దిగలేక, తర్వాత ఇంకొకర్ని బతిమాలుకుని దిగుతాడు. ఈ గందరగోళంలో పడవ మనిషి ఇద్దర్ని రెండుసార్లు లెక్కేస్తాడు. గీతలు సరిపోయాయి. ఇంజను వేసుకుని వెళ్ళిపోయారు.

"అత్తయ్యా, సినిమా ఇక్కడే అయిపోయింది. ఇహ మీరు చూసేదంతా చేప" అంది మా పిల్ల.

"పేర్లు పిలిస్తే ఇంక కథెక్కడుంది?" అన్నారు మావారు.

ఆయన సరదాకే అన్నారు గానీ, నిర్మాతలు సరదాకి అనరు. కథంతా చేపలోనే వుందని వాళ్ళ నమ్మకం. పడవలో గీతలు గీసినవాడిలో కథ లేదట.

మన పరమానందయ్యగారి శిష్యులు ఏరు దాటి, ఎవడికి వాడు తనని వదిలేసి మిగతావాళ్ళని లెక్కపెట్టి, ఒకడు తగ్గాడని గోలుగోలున ఏడిచారు. లెక్క తప్పినా వాళ్ళది దొడ్డ మనసు. ఒకడు తగ్గితే ఏడిచారు. ఈ పడవ వాళ్ళు వున్నవాళ్ళకంటే ఇద్దర్ని ఎక్కువ లెక్కేసుకుని, సంతృప్తిగా ఇంటికి వెళ్ళారు.

ఈ సినిమాకి ఆధారమైన అసలు సంఘటన మీలో కొందరికి గుర్తుండే వుంటుంది. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలో, గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బల దగ్గర, ఒక అమెరికన్ దంపతుల్ని నీళ్ళలో వదిలేసి పడవ ఒడ్డుకి వచ్చేసింది. వదిలేశామన్న సంగతి పడవ వాళ్ళకి తెలిసింది ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, రెండు రోజుల తర్వాత. అదీ, వాళ్ళ సంచీ పడవలోనే పడి వుండటం చూసి! రెండు రోజులపాటు ఆ సంచీ అక్కడే వుంది. దాని పక్కనుంచి నడిచారు. మర్నాడు ఇంకో యాత్రికుల జట్టుని ఎక్కించుకుని వెళ్ళొచ్చారు కూడా. గాలింపులు జరిగాయి. వాళ్ళు దొరకలేదు. కొన్నాళ్ళకి వాళ్ళ జాకెట్లు, మరికొన్ని వస్తువులు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. నీళ్ళలో రాసుకునే పలక ఒకటి దొరికింది. మర్నాడు పొద్దుటికి కూడా వాళ్ళు బతికే వున్నారని, సాయం కోసం వేడుకున్నారని దాని మీది రాతవల్ల లోకానికి తెలిసింది. ఆ జాకెట్ల మీద సొరచేప దాడి చేసిన ఆనవాళ్ళేమీ కనిపించలేదు. అలసటా, దాహమూ, ఎండా, నీళ్ళూ... చావడానికి మనిషికి ఇవి చాలు. కోరలక్కర్లేదు.

అంతకంటే నా ఒళ్ళు మండించిన విషయం ఇంకోటుంది. విచారణ జరుగుతూంటే, ఆ చనిపోయిన భార్య డైరీ బయటకు తీశారు. భర్త చావు గురించి ఏవో నిరాశ మాటలు మాట్లాడేవాడని ఆవిడ ఎప్పుడో రాసుకుందట. అది పట్టుకుని, బహుశా వాళ్ళే కావాలని పోయారేమో, లేకపోతే ఎక్కడో దాక్కుని నాటకమాడుతున్నారేమో అని మొదలుపెట్టారు. కన్నవాళ్ళు కుమిలిపోతూ కాదన్నారు. పడవ నడిపినాయన మీద కేసు పెట్టారు, నిర్దోషిగా విడుదలయ్యాడు. కంపెనీ మాత్రం తన నిర్లక్ష్యం ఒప్పుకుని జరిమానా కట్టింది. ఆ రాష్ట్రంలో యాత్రికుల లెక్క తీసుకునే నియమాలు గట్టిపడ్డాయి. చూశారా, తలలు లెక్కపెట్టనివాడు ఇంటికి వెళ్ళాడు. డైరీ రాసుకున్న ఆడది బోనెక్కింది. ఇంత కథని చేతిలో పెట్టుకుని, సినిమా వాళ్ళు చివరికి ఏం చూపించారో తెలుసా? ఎవరో ఒక సొరచేపని పట్టి పొట్ట కోస్తే అందులోంచి ఆ దంపతుల కెమేరా బయటపడుతుంది. అంటే నేరం రుజువైపోయిందన్నమాట. ముద్దాయి చేప!

పైగా ఆ సినిమా తీసింది సాక్షాత్తు డైవింగ్ తెలిసిన దంపతులే. తెలియనివాళ్ళంటే ఏమో అనుకోవచ్చు. గీతల దృశ్యాన్ని అంత నిక్కచ్చిగా తీసింది కూడా ఆ అనుభవంతోనే. కానీ ప్రేక్షకులకి గుర్తుండేది ఏది? మా హాల్లో ఎవర్నడిగినా సొరచేపల సినిమా అన్నారు తప్ప, లెక్కలు రాని పడవ మనిషి సినిమా అని ఒక్కరూ అనలేదు.

అదే 2004లో, ఆ సినిమా ఆడుతూన్న సంవత్సరంలోనే, అమెరికాలో లాస్ ఏంజెలెస్ దగ్గర ఇంకో పడవ వాళ్ళు ఒక మనిషిని పొగమంచులో, సముద్రంలో వదిలేసి వెళ్ళారు. జాబితాలో అతని పేరు ఎదురుగా "వచ్చాడు" అని గుర్తు పెట్టేశారు. అటుగా వెళ్తున్న తెరచాప ఓడలోని స్కౌటు కుర్రాడొకడు చూడబట్టి ఆ మనిషి బతికాడు. కొన్ని గంటలపాటు ఒంటరిగా తేలుతూన్నా అతన్ని ఏ సొరచేపా తినలేదు. దావా వేస్తే 2010లో పరిహారం ఇమ్మని జ్యూరీ తీర్పిచ్చింది. దాని మీద సినిమా రాలేదు. ఎలా వస్తుంది, చేప లేదుగా?

ఇహ డైవర్లు ఈ సినిమాలు చూసి నవ్వుకునే సంగతులు చెప్పాలంటే చాలా వున్నాయి. సిలిండరులో వుండేది ఆక్సిజన్ అనడం వాటిలో మొదటిది. అది మనం పీల్చే మామూలు గాలే, అదిమి నింపుతారు. వొట్టి ఆక్సిజన్ అయితే ఆరేడు మీటర్ల లోతు దాటేసరికి అదే విషమై మనిషికి మూర్ఛలు తెప్పిస్తుందట. మన పత్రికల వాళ్ళు కూడా ఆక్సిజన్ సిలిండర్లనే రాస్తారు లెండి. తర్వాతది లోతు. నీళ్ళలో ప్రతి పది మీటర్లకీ, భూమ్మీద మనమీద వున్నంత గాలి బరువు ఇంకోటి వచ్చి పడుతుంది. అంచేత 40 మీటర్ల లోతున ఒక్కొక్క ఊపిరికీ పైన పీల్చేదానికి ఐదింతల గాలి ఖర్చు. గట్టుమీద గంటసేపు వచ్చే బండ అక్కడ పన్నెండు నిమిషాలకే ఖాళీ. వంటింట్లో చుట్టాలున్న రోజే గ్యాసు బండ అయిపోవడం మనకి తెలిసిందే కదా, అలాంటి అవస్థన్నమాట. తేడా ఏమిటంటే, అక్కడ పక్కింటి వాళ్ళని అడగాలంటే పక్కనే జతగాడు వుండాలి. అందుకే వాళ్ళు ఎప్పుడూ జంటలుగా దిగుతారు. సరదాకి దిగేవాళ్ళకి 40 మీటర్లే హద్దని పెట్టారు కూడా.

'47 మీటర్స్ డౌన్' అని 2017లో ఒకటొచ్చింది. సొరచేపల్ని చూడటానికి ఇనుప పంజరంలో దిగిన అక్కచెల్లెళ్ళతో సహా ఆ పంజరం తెగి అడుక్కి పడిపోతుంది. నీళ్ళ కింద వాళ్ళు మాట్లాడుకుంటారు, ఏడుస్తారు, కేకలేస్తారు, గాలి మాత్రం కథకి కావలసినంతసేపు వస్తుంది. డైవింగ్ తెలిసినవాళ్ళు ఇలాంటి చోట్ల చేతి గడియారం చూసుకుంటూ నవ్వుతారు. ఒక్క విషయంలో మాత్రం ఆ సినిమా నిజం చెప్పింది. లోతుకి వెళితే నత్రజని వల్ల తాగినంత మత్తొస్తుంది, బుద్ధి పనిచెయ్యదు. పోనీ అని హడావిడిగా పైకి వచ్చేస్తే, గోలీ సోడా కొట్టగానే బుస్సుమన్నట్టు, ఒంట్లో బుడగలు లేచి మనిషిని పడగొట్టేస్తాయి. అంచేత ఎంత భయమేసినా మెల్లగా రావాలి. పైకి వచ్చే ముందు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి. భయమేసినప్పుడు పరిగెత్తకుండా ఆగడం నేర్పే చదువు ఇది. మా పిల్ల ఇది చెప్పినప్పుడు, నాకు సొరచేపల కంటే ఆ మూడు నిమిషాలే ఎక్కువ భయంకరంగా తోచాయి. ఎంత మంచి అధ్యాయం రాయొచ్చో!

డైవర్లకి భయం లేదనుకోకండి. బోలెడుంది. కింద నేల కనపడదు, పైన వెలుతురు తప్ప గుర్తు లేదు, చుట్టూ వొట్టి నీలం, అలాంటి చోట తల తిరిగి ఏది పైనో ఏది కిందో తెలియక తికమక పడతారట. గాలి అయిపోతుందేమో, ప్రవాహం లాక్కుపోతుందేమో, జతవాడు కంగారుపడి తన నోట్లోది లాగేసుకుంటాడేమో, పడవ వెళ్ళిపోతుందేమో! అవీ వాళ్ళ భయాలు. సొరచేప కనిపిస్తే? "అదృష్టం" అంటారు. దాన్ని చూడటానికే ఖర్చు పెట్టుకుని వెళ్తారు. పలావ్ అనే చిన్న ద్వీపదేశం 2009లో తన సముద్రాన్నంతా సొరచేపల శరణాలయంగా ప్రకటించింది. వాళ్ళకి అవి బతికుంటేనే యాత్రికులొస్తారు, పూట గడుస్తుంది.

కొరియా దేశంలో జెజూ దీవి వుంది. అక్కడ హెన్యో అనే ఆడవాళ్ళు వందల ఏళ్ళుగా గాలిబండలూ అవీ ఏమీ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలూ, గవ్వచేపలూ, నాచూ ఏరుకొచ్చి సంసారాలు పోషించారు. 2016లో యునెస్కో వాళ్ళు వీళ్ళ సంస్కృతిని వారసత్వాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు మిగిలిన వాళ్ళలో ఎక్కువమంది అరవైలు, డెబ్భైలు దాటిన అవ్వలు. వాళ్ళు కోడళ్ళకి నేర్పే మొదటి పాఠం చేపల గురించి కాదు, ఆశ గురించి. ఊపిరి అయిపోవస్తూన్నప్పుడు అడుగున ఇంకొక్క గవ్వ కనిపిస్తే, దానికోసం చెయ్యి చాపకూడదు. చాపిన వాళ్ళే పైకి రాలేదు. ఈ ముసలమ్మల ముందు ఆ అమెరికన్ రబ్బరు సొరచేపని పెడితే ఏమంటారో! వంటకి పనికొస్తుందా అని అడుగుతారు కాబోలు.

ఆడవాళ్ళ ప్రసక్తి వచ్చింది గనుక ఇంకో మాట. ఈ సినిమాల్లో నీళ్ళలో దిగి కష్టాలపాలయ్యేది ఎవరో గమనించారా? 1975లో వచ్చిన 'జాస్'లో (జాస్ అంటే దవడలు లెండి) మొట్టమొదట బలయ్యేది, రాత్రిపూట నలుగుర్నీ వదిలి ఒక్కత్తీ ఈతకి వెళ్ళిన అమ్మాయి. పోస్టరు మీద కూడా పైన ఈదుతూన్న ఆడపిల్ల, కింద నోరు తెరిచిన దవడలు. '47 మీటర్స్'లో అక్క పంజరం ఎక్కేది ఎందుకంటే, "నువ్వు చప్పగా వుంటావు" అని ప్రియుడు వదిలేశాడట, అతనికి ఫోటోలు పంపి చూపించాలట. 2016లో వచ్చిన 'ది షాలోస్'లో తల్లిని తలుచుకుంటూ ఒంటరిగా ఒక రహస్య తీరానికి వెళ్ళిన వైద్య విద్యార్థిని. ఈవిడ చివరికి గెలుస్తుంది, కాదనను. కానీ మొత్తం మీద చెప్పే నీతి మన బామ్మలు చెప్పిందే: ఒక్కత్తివీ గీత దాటావా, ఏదో వచ్చి ఎత్తుకుపోతుంది. మన కథలో అయితే రావణుడు. అక్కడ చేప.

ఈ నీతి సినిమాహాల్లోనే ఆగిపోతే నేనింత గొడవ చెయ్యను. మన ఇళ్ళలో ఆడపిల్లకి సంగీతం చెప్పిస్తాం, కంప్యూటర్ చెప్పిస్తాం, ఇప్పుడు కారు నడపడం కూడా చెప్పిస్తున్నాం. ఈత మాత్రం, "అమ్మో, నీళ్ళ దగ్గరికా?" జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో నీట మునిగి పోయినవాళ్ళు 38 వేల పైచిలుకు. వీళ్ళంతా నడిసముద్రంలో పోలేదు. చెరువులో, కాలవలో, వాగులో, బట్టలుతకబోయి, పుష్కరాలకెళ్ళి, సెల్ఫీ తీసుకోబోయి పోయారు. "గజ ఈతగాళ్ళను రప్పించారు" అన్న వాక్యం మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదువుతామో! ఇహ ప్రపంచం మొత్తం మీద రెచ్చగొట్టకుండానే సొరచేప కరిచి చనిపోయేవాళ్ళు ఏడాదికి ఐదారుగురు. చెడ్డ సంవత్సరంలో పదిమంది. ఏది చూసి వణకాలో ఏది చూసి జాగ్రత్తపడాలో తారుమారైతే ఇలాగే వుంటుంది. సొరచేప వస్తుందని కలలో వులిక్కిపడే పిల్లకి, నీళ్ళలో వెల్లకిలా పడుకుని తేలడం ఎలాగో తెలీదు.

"అబ్బే, కథే కదండీ, కథని కథలా చూడాలి" అంటారు కొందరు. కథలు రాసి బతికేదాన్ని కాబట్టి ఈ మాట ఎంత ఉపయోగపడే గొడుగో నాకు బాగా తెలుసు. వాన పడితే దాని కిందికి దూరతాం. పొగడ్తలు పడుతున్నప్పుడు మాత్రం గొడుగు మడిచేస్తాం. "మీ నవల చదివి నా జీవితం మారిందండీ" అంటే ముసిముసిగా నవ్వుకునే మనం, "మీ కథవల్ల చెడు జరిగింది" అంటే "అది వొట్టి కల్పన" అనడం ఏం న్యాయం?

'జాస్' సంగతే చూడండి. అందులో కనిపించే అసలు సొరచేపని తీసింది ఆస్ట్రేలియా దంపతులు రాన్ టేలర్, వాలెరీ టేలర్. ఈ వాలెరీ చిన్నప్పుడు పోలియో వచ్చి లేచిన పిల్ల. బల్లెంతో చేపల్ని కొట్టే పోటీల్లో దేశానికే ఛాంపియన్ అయి, ఇహ చంపనని ఆ బల్లెం పారేసి కెమేరా పట్టిన మనిషి. సినిమాకి కావలసినంత పెద్ద సొరచేప ఎక్కడా లేదు. అందుకని ఒక పొట్టి మనిషిని, చిన్న పంజరాన్ని తెచ్చి, దాని పక్కన మామూలు చేప మహాకాయంలా కనపడేలా తీయబోయారు. ఈలోగా ఒక చేప ఖాళీ పంజరం తాళ్ళలో చిక్కుకుని, విడిపించుకోవాలని గింజుకుని గింజుకుని దాన్ని పిప్పి చేసేసింది. ఆ దృశ్యం ఎంత బాగా వచ్చిందంటే, ఖాళీ పంజరాన్ని వాడుకోడానికి కథనే మార్చేశారు. నవలలో చచ్చిపోయే పాత్ర సినిమాలో బతికిపోయింది. నిజమైన సొరచేప ఆ సినిమాలో చేసిందేమిటయ్యా అంటే, ఒక మనిషి ప్రాణం నిలబెట్టడం! కృతజ్ఞత మాట దేవుడెరుగు, ప్రాణభయంతో గింజుకున్న దాన్ని చూపించి మనల్ని కోపంతో మింగడానికొచ్చిందని నమ్మించారు.

సినిమా వచ్చాక జనం సముద్రస్నానాలు మానేయడం అటుంచి, పడవలేసుకుని సొరచేపల వేటకి బయల్దేరారు. ఇది చూసి టేలర్ దంపతులు హడలిపోయారు. అమెరికా అంతా తిరిగి టీవీల్లో, "బాబూ, అది కల్పన, నిజం చేప అలా వుండదు" అని చెప్పుకొచ్చారు. ఎవరు వింటారు? నవల రాసిన పీటర్ బెంచ్లీ 2006లో చనిపోయేదాకా సొరచేపల రక్షణకోసం పనిచేశాడు. దర్శకుడు స్పీల్‌బర్గ్ 2022లో బీబీసీ రేడియోలో, ఆ పుస్తకం, ఆ సినిమా వల్ల సొరచేపలు అంతమందగించినందుకు విచారిస్తున్నానన్నాడు. నలభై ఏడేళ్ళకి! వాలెరీ అన్నేళ్ళు ఆగలేదు. బూడిదరంగు నర్సు సొర అని ఒకటుంది. పళ్ళు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికి రాక్షసిలా వుంటుంది గానీ చేపలు తిని బతికే సాధువు. ఆ మొహం చూసే దాన్ని వీరులంతా పొడిచి పొడిచి చంపారు. టేలర్ దంపతుల్లాంటివాళ్ళు పోరాడగా 1984లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం దాన్ని చంపరాదని చట్టం చేసింది. ప్రపంచంలో చట్టరక్షణ దొరికిన మొదటి సొర అది. మొహం బాగాలేనివాళ్ళకి న్యాయం ఆలస్యంగానే దొరుకుతుంది, మనుషుల్లోనైనా చేపల్లోనైనా.

ఏడాదికి సుమారు పదికోట్ల సొరచేపల్ని మనుషులు చంపుతున్నారని 2013లో అచ్చయిన ఒక శాస్త్రపరిశోధన అంచనా. అదంతా సినిమా పాపమని నేననను. వలలున్నాయి, రెక్కల సూపు వ్యాపారం వుంది. మనమూ తింటాం. కోస్తా జిల్లాల్లో బాలింతకి పాలు పడతాయని పాలసొర వండిపెట్టని మత్స్యకారుల ఇల్లుంటుందా? ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'మిల్క్ షార్క్' అనడానికి మన దేశంలోని ఆ నమ్మకమే కారణం. మన పసివాళ్ళకి పాలిచ్చిందన్న చేపని పట్టుకుని, పిల్లల్ని మింగేదని తెరమీద చూసి నమ్ముతున్నాం. కాకపోతే ఒకటి. తిన్నవాడు దాన్ని తిట్టడు. వల వేసే జాలరికి సొర మీద పగ లేదు. పగ నేర్పింది సినిమాయే. పులి పోతోందంటే అయ్యో అంటాం, ఏనుగు పోతోందంటే కన్నీళ్ళు పెట్టుకుంటాం. సొర పోతోందంటే, "పోనీలెండి, పీడ" అంటాం.

సినిమాకి ఆ చేతా, ఈ చేతా కూడా బలముంది. 2000లో మైక్ పాండే అనే ఆయన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అని చిన్న చిత్రం తీశాడు. గుజరాత్ తీరంలో తిమింగల సొరల్ని కొక్కేలతో గుచ్చి, కొనవూపిరితో వుండగానే ఒడ్డుకి ఈడ్చి కొయ్యడం అందులో వున్నదున్నట్టు చూపించాడు. పన్నెండు మీటర్లు దాటి పెరిగినా, నీళ్ళు వడగట్టుకుని పురుగూ పుట్రా తిని బతికే జీవి అది. మరుసటి ఏడు, 2001లో, కేంద్రప్రభుత్వం దాన్ని పులితో సమానంగా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. చట్టం వస్తే జాలర్లు వింటారా? అప్పుడు మురారి బాపు అనే రామకథ చెప్పే పెద్దాయన అక్కడి తీరగ్రామాల వాళ్ళకి, "ఇది మన ఆడపిల్ల, పురిటికి పుట్టింటికి వస్తోంది" అని చెప్పాడు. అంతే. పుట్టింటికొచ్చిన పిల్లని ఎవరు చంపుతారు? ఆ చేప వలలో పడితే వేల రూపాయల వల కోసి మరీ వదిలిపెట్టడం మొదలుపెట్టారు. 2021 డిసెంబరులో మన విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒక తిమింగల సొర కొట్టుకొస్తే, అటవీశాఖ వాళ్ళూ, జాలర్లూ కలిసి దాన్ని మళ్ళీ సముద్రంలోకి పంపించారు. ఒక్క మాట, ఒక్క చిత్రం ఇంత చెయ్యగలిగినప్పుడు, "కథే కదా" అని ఎలా తప్పుకుంటారు?

డైవర్లలో 'జాస్' అంటే పడిచచ్చేవాళ్ళున్నారు. ఆ సినిమా చూసి సముద్రం మీద మోజు పుట్టి, ఇందులోకి వచ్చామనేవాళ్ళూ వున్నారు. మా పిల్లే నాలుగుసార్లు చూసిందట. అంచేత ఇవి తీయకండి, చూడకండి అని నేను బహిష్కారాలు చెప్పడం లేదు. కావాలంటే ఇంకా భయంకరంగా తీయమంటాను. గాలి ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తూంటే, జతగాడు కనపడకపోతే, పైకి పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంటూంటే ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగవలసి వస్తే... అంతకంటే ఉత్కంఠ ఏ దవడల్లో వుంది? రెండు రోజులపాటు పడవలో దిక్కులేకుండా పడున్న సంచీ పక్కనుంచి మనుషులు అటూ ఇటూ నడుస్తూంటే, అది చూస్తూ కూచోడం కంటే నరకం ఏముంది? కోర్టులో చనిపోయినామె డైరీ చదువుతూంటే ఆవిడ తల్లి మొహం ఎలా వుంటుందో తీయండి. అది తీసే దమ్ము లేక రబ్బరు చేపని తేలుస్తున్నారని నా అభియోగం.

ఈ మాట ఒక సినిమా పరిచయస్తుడితో అంటే, "బాగానే వుందండీ, పోస్టరు మీద ఏం వేస్తాం?" అన్నాడు. నాలుగు నిలువుగీతలు వేసి, వాటికడ్డంగా ఐదో గీత కొట్టమన్నాను.